కోతపడని మడత

ప్రియమైన బావమరిదికి,

"మొదట చదివేది నేనే బావా, నెల తిరక్కుండా చదివేస్తా" అని నువ్వు మాటిచ్చి నలభై ఒక్క ఏళ్ళయింది. నా నవల రాతప్రతి నీ ఇంట్లో పదకొండు నెలలు పడుంది. తిరిగిస్తూ "ఏడిపించేశావు బావా" అన్నావు. నలభయ్యో కాగితాన్నీ నలభై ఒకటో కాగితాన్నీ మూలన చిటికెడు పిండి జిగురుతో అంటించి ఇచ్చాను. ప్రూఫులు చూడకుండానే చూశామని సంతకాలు పెట్టే రచయితలను పట్టుకోవడానికి మా ప్రెస్సులో వాడే కిటుకు అది. అంటించింది అంటించినట్టే తిరిగొచ్చింది. నలభయ్యో కాగితం దాకా నా కథలో ఎవరూ పోనేలేదు, దేనికేడ్చావు?

ఆ కట్టను పెట్టె అడుగున పడేశాను. ఆ తర్వాత కలం పట్టింది పరాయివాళ్ళ తప్పులు దిద్దడానికే.

అలాంటి నువ్వు ఇప్పుడు చదువరుల సంఘం పెట్టావు! కొత్తగా తొలి నవల అచ్చు వేసుకున్నవాళ్ళను ఆదుకుంటావట. ఒక పుస్తకం అందరి చేతులూ తిరగాలట, చదివినవాళ్ళు వెనక అట్ట మీది చీటీలో సంతకం చేసి, రచయితకు ఉత్తరం రాయాలట. మొన్న నువ్వు పంపిన పుస్తకం బల్ల మీద ఉంది. అక్కడే ఉంటుంది.

నీ బావ

*

ప్రియమైన బావకు,

తిట్లు అందాయి. ఆరోగ్యం బాగున్నట్టే ఉంది.

నన్ను ఎన్నయినా అను. ఆ పుస్తకం రాసినావిడ మీద మాత్రం కోపం పెట్టుకోకు. ఆసుపత్రి బట్టలు ఉతికేచోట ఇరవై ఏళ్ళుగా పని చేస్తోంది. నిన్న మా చదువుల గదికి వచ్చింది. చేతులు నానిపోయి, వేళ్ళ కొసలు ముడతలు పడి ఉన్నాయి. మా ఏడుగురి ఉత్తరాలూ బల్ల మీద పరిచింది. "అందరూ బాగుందన్నారండీ. దుప్పటంచు సంగతి ఒక్కరూ ఎత్తలేదు. దాని కోసమే ఇదంతా రాశాను. అది మీకెవరికీ తగల్లేదంటే నాకు రాయడం రానట్టేగా" అంది. రెండో నవల సగమయిందట. ఆ కాగితాలు బాయిలర్లో వేసేస్తానంది. నవ్వుతూనే అంది, కానీ వేసే మనిషిలాగే ఉంది.

నిజం చెప్పనా? ముగింపులో ఆ చాకలామె దుప్పటంచు రుద్దుతూ ఎందుకు ఏడుస్తుందో నాకూ అర్థం కాలేదు. కవిత్వం కాబోలని వదిలేశాను. నువ్వు ఒక్కసారి చూడు బావా. తిట్టినా సరే, చదివి తిట్టు.

నీ బావమరిది

*

ప్రియమైన బావమరిదికి,

కవిత్వమూ కాదు, నీ తలకాయా కాదు.

తప్పులు పట్టి నీ మొహాన కొడదామనే మొదలుపెట్టాను. ఎర్ర పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను. నూట పదమూడో పేజీ తిప్పితే నూట పదహారు వచ్చింది. పేజీలు రాలిపోయాయేమో అనుకున్నాను. వేలు పెట్టి చూస్తే రెండు కాగితాలు బయటి అంచున కలిసే ఉన్నాయి. అచ్చయిన పెద్ద కాగితాన్ని, అంటే ఫారాన్ని, మడిచినప్పుడు ఒక మడత లోపలికి పోయి, కోత కత్తికి అందలేదు. సంచిలా మూసుకున్న ఆ మడతలో రెండు పేజీలున్నాయి. వెనక చీటీ చూశాను. ఏడు సంతకాలు. మొదటి సంతకం నీది! మడత మాత్రం ఒక్కరూ కోయలేదు. నలభై ఏళ్ళ తర్వాత, నేను జిగురు పెట్టకుండానే మళ్ళీ దొరికావు.

చాలా సంతోషించాను. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు.

బైండింగు గదిలో మీ అక్క ముప్పై ఏళ్ళు ఫారాలు మడిచిన ఎముకపుల్ల నా దగ్గరే ఉంది. దానితో ఆ మడత కోశాను. లోపల ఏముందో చెబుతాను, విను. మంచం దిగలేని రోగి ఒకడు, కిటికీలోంచి ఎండ ఎంతవరకు వచ్చిందో రోజూ దుప్పటి అంచు మీద పెన్సిలుతో సన్నటి గీత గీస్తుంటాడు. వారం వారం చాకలామె ఆ గీతలు ఉతికేస్తుంటుంది. ఒక వారం అవేమిటో ఆమెకు తెలుస్తుంది. ఆనాటి నుంచి ఆ ఒక్క అంగుళం మేర తడవకుండా ఉతికి, అంచు లోపలికి మడిచి, అదే దుప్పటి అదే మంచానికి పంపుతుంది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోరు. అతను గీతలు మాత్రం ఆపడు. అంతే. రెండు పేజీలు.

ఇప్పుడు ముగింపు అర్థమైందా, మొద్దూ? మంచం ఖాళీ అయింది. ఆ అంగుళం కూడా ఉతకాల్సి వచ్చింది.

నేను ఈ జన్మలో దిద్దిన పుస్తకాలు ఈ గదిలో పట్టవు. పేరుమోసిన వాళ్ళవి, బిరుదులవాళ్ళవి, వాళ్ళ కామాలు నేను మోశాను. ఇంత తక్కువ మాటలతో ఇంత పని చేసినవాళ్ళను చూడలేదు. పెన్సిలు పక్కన పెట్టేశాను. ఆమెకు నాలుగు పేజీల ఉత్తరం రాశాను, మడత సంగతితో సహా; దాన్నీ, మడత కోసిన పుస్తకాన్నీ దీనితోనే పంపుతున్నాను. తప్పు ఆమె రాతది కాదు, బైండరుదీ మీ ఏడుగురిదీ అని రాశాను. నువ్వు మాత్రం ఈ ఉత్తరం అందగానే పరిగెత్తు. బాయిలర్ దగ్గర అడ్డం పడు.

నీ బావ

*

ప్రియమైన బావకు,

పరిగెత్తాను. కాగితాలు కాలలేదు. నీ ఉత్తరం ఆమె అక్కడే నిలబడి చదివింది. "అయితే ఆయనకు తగిలింది" అంది. తడి చేతులు రెండుసార్లు తుడుచుకుని, ఉత్తరం మడిచి రవికలో పెట్టుకుంది. మళ్ళీ రాస్తానంది.

ఆ రెండు పేజీలూ నేనూ చదివాను. చదివాక ఒక సంగతి దాచలేకపోతున్నాను.

నీ నవల నేను చదవలేదు బావా. నిజమే. కానీ పదకొండు నెలలు నా దగ్గర ఉన్నది నా బద్ధకం వల్ల కాదు. అక్క వల్ల. ఆదివారం ఆదివారం మా ఇంటికొచ్చి, వెనక గదిలో కూర్చుని, నాలుగేసి కాగితాలు చదివి కళ్ళు తుడుచుకునేది. "ఏడిపించేశావు" అని నీతో అన్నది ఆమెను చూసే. తిరిగివ్వబోతుంటే జిగురు పెట్టి ఆ రెండు కాగితాలూ మళ్ళీ అంటించింది. "ఎందుకక్కా, నన్ను ఇరికిస్తున్నావు" అన్నాను. "ఆయన పరీక్ష పెట్టింది నీకు, నాకు కాదు. ఆయన పరీక్ష ఆయనకు ఉన్నదున్నట్టు ఇచ్చెయ్యి" అంది. "మరి నువ్వు చదివినట్టు చెప్పవా?" "చదివావా అని నన్ను అడిగిన రోజున చెబుతా. అడక్కపోతే నువ్వూ చెప్పకూడదు" అని ఒట్టేయించుకుంది.

నువ్వు అడగలేదు. అక్క పోయి ఆరేళ్ళయింది.

నీ బావమరిది

*

ప్రియమైన బావమరిదికి,

రెండు రోజులు పెట్టె జోలికి పోలేదు. మూడో రోజు తీశాను.

నేను పెట్టినది పిండి జిగురు, ఎండితే తెల్లగా పొట్టులా రాలుతుంది. అక్కడున్నది గోధుమరంగుకు తిరిగిన సరేసు, బైండింగు గదిలో వాడే జిగురు. ఆ రోజు కోపంలో, అంటుకుందా లేదా అన్నది చూశానే తప్ప దేనితో అంటుకుందో చూడలేదు. తప్పులు పట్టే ఉద్యోగం నాది!

ఇంకొకటి ఉంది. కాగితాలు వెలుగుకు పట్టి చూశాను. చిరిగిన మూలలకు వెనకనుంచి పొరకాగితం అంటించి ఉంది. వేలికి తగలనంత పల్చగా. పద్నాలుగు చోట్ల. చిట్టచివరిది ఆఖరి కాగితానికి. మధ్యలో ఎక్కడా ఆగలేదు, చివరిదాకా చదివింది. "నీకేం తెలుసు పుస్తకాల గురించి, మడవడం తప్ప" అని ఎన్నిసార్లు అన్నానో మనిషిని. అన్నప్పుడల్లా నవ్వేది. ఆ నవ్వేమిటో నాకిప్పుడు తెలిసింది. ఆ పద్నాలుగు మూలలనూ ఒక్కొక్కటే ముట్టుకుని చూశాను. నాకంటే మంచి పాఠకురాలు నా ఇంట్లోనే ఉండి పోయింది.

అడగకపోవడం నా తప్పే. అది నాకూ ఆమెకూ మధ్య. నువ్వు తలదూర్చకు.

నువ్వు జీవితంలో రెండు మాటలిచ్చావు, రెండూ తప్పావు. రెండోది తప్పినందుకు నీకు దణ్ణం.

మీ అక్క చదివిన రచయిత,
నీ బావ

తా.క.: రాతప్రతి దీనితోనే పంపుతున్నాను. ఏ కాగితానికీ జిగురు పెట్టలేదు, వెతుక్కోకు. అందరినీ క్షమించేశానని సంబరపడకు. చదువుతానని మాటిచ్చి ఇప్పటికీ చదవనివాడు ఒకడు మిగిలాడు. నా కోపమంతా ఇంకా వాడి మీదే: నువ్వే, బావమరిదీ.