మూలగని చెక్క

ఆదివారం రాత్రి, సబేటో

సాయంత్రం వరండాలో కుర్చీలోనే కునుకు పట్టింది. కోతకు ముందు తగలబెట్టిన చెరకు తోట వాసన కలలోకి కూడా వచ్చింది. కళ్ళు తెరిస్తే ఎదురుగా మా అమ్మాయి సత్య నిలబడి ఉంది. గుమ్మం ముందున్న నేల చెక్క సత్య అడుగు పెడితే మూలిగేది. ఈ రోజు మూలగలేదు. షుగర్ తగ్గాలని ఆపరేషన్ చేసి పొట్ట చిన్నది చేశాక మనిషి సగమైపోయింది. ఇంకా కలేనేమో అనుకుని చెయ్యి పట్టుకుని చూశాను. గాజులు మోచేతి దాకా జారాయి.

అన్నంలో పప్పు, కొబ్బరి పాలలో ఉడికించిన రౌరౌ, అదే చేమాకు, కలిపి పెట్టాను. నాలుగు ముద్దలు తిని గిన్నె పక్కకు జరిపింది.

"బస్, అమ్మా. ఇంక పట్టదు."

"పిల్లి కూడా ఇంతకంటే ఎక్కువ తింటాది బేటీ."

"పిల్లికి షుగర్ లేదు కదమ్మా."

నాకు నవ్వు రాలేదు. ఇలా కరిగిపోతూ ఉంటే చివరికి నాకు ఏం మిగులుతుందోనని భయం.

వాళ్ళ నాన్నకూ షుగరే. పుండు మానక కాలు తీసేశారు. తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ ఈ చెక్కల మీద ఒక అడుగు, ఒక కర్ర, ఒక అడుగు, ఒక కర్ర. సత్య పాదానికి కూడా పుండు లేచినప్పుడే ఆపరేషన్‌కి సరే అన్నాను.

ఇప్పుడే అది మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది. రాయడం ఆపి విన్నాను. ఆకు మీద చినుకులు పడ్డంత మెల్లగా రెండు పాదాలు వెళ్ళాయి, రెండూ తిరిగొచ్చాయి.

నిద్ర ముంచుకొస్తోంది. అయినా మళ్ళీ లేస్తుందేమోనని వింటున్నాను.