సంతకం కింద సముద్రం

స్పీడుబోటు ఆఫీసు యజమాని గారికి,

ఆర్యా,

నేను రికార్డుల ఆఫీసులో పెద్ద గుమస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. మీరు మనుషుల్ని స్పీడుబోటులో సముద్రపు గుహకి తీసుకెళ్ళి చూపిస్తారని బస్టాండు గోడ మీద చదివాను. తిరిగి తీసుకొస్తారని మాత్రం ఆ గోడ మీద ఎక్కడా లేదు. ముందు ఆ సంగతి కాగితం మీద తెలియజేయగలరు.

నేనూ నా భార్యా రావాలనుకుంటున్నాం. మాకు ప్రైవేటు పడవ కావాలి. ప్రైవేటు అంటే మేమిద్దరం తప్ప మూడో మనిషి అందులో ఉండకూడదు. వేగం రిక్షా వేగం దాటకూడదు. గుహ ఎన్నింటికి తెరుస్తారు, మధ్యాహ్నం భోజనానికి మూస్తారా, లోపల బాధ్యత గల అధికారి ఎవరైనా ఉంటారా అన్నవి వివరంగా రాయండి. ఫోన్ చేయకండి. ఫోన్లో మాటకి ఫైలు ఉండదు.

చెప్పదలుచుకున్నదంతా సంతకం పైనే రాయండి. సంతకం కింద రాసినదానికి విలువ లేదు. సర్వీసంతా నేను సంతకం కింద ఒక్క అక్షరం చదివి ఎరగను.

ఇట్లు,
భవదీయుడు,
రిటైర్డు పెద్ద గుమస్తా

తా.క. అమ్మో, బాబో, ఎవరైతే వాళ్ళు, నేను ఆయన భార్యని. ఉత్తరాలు రాసేది ఆయన, కవరు అంటించి పోస్టు డబ్బాలో వేసేది నేను. మావారికి నీళ్ళంటే భయం. బకెట్ నిండా నీళ్ళుంటే సగం ఒంపేసి స్నానం చేసే మనిషి. ఈ సంగతి ఆయనకి చెప్పకండి, ఆయనకి తెలీదు. మా చెల్లెలు పోయినేడు ఆ గుహ చూసొచ్చింది. అప్పట్నుంచీ ఏ మాట మాట్లాడినా చివరికి "అదంతా చూస్తేగానీ తెలీదులే అక్కా" అంటుంది. వంకాయల గురించి మాట్లాడినా అంతే. వానలు మొదలైతే మీరు పడవలు ఆపేస్తారట. ఈలోపు నేను ఆ గుహ చూడాలి. నాకేమైనా చెప్పాలంటే సంతకం కింద రాయండి. మా ఇంట్లో అంతకన్నా భద్రమైన చోటు లేదు.

*

గౌరవనీయులైన పెద్ద గుమస్తా గారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. తీసుకెళ్ళినవాళ్ళందర్నీ తిరిగి తీసుకొస్తున్నాం. గుహలోనే ఉండిపోతామని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

పడవ ప్రైవేటే గానీ నడపడానికి ఒకరుండాలి. లేకపోయినా వెళ్తుంది, ఎక్కడికి వెళ్తుందో మేం చెప్పలేం. రిక్షా వేగంతో పోతే అలల మీద ఇంకా ఎక్కువ ఊగుతుంది. ఇక గుహకి తలుపుల్లేవు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు పడవ లోపలికి వెళ్తుంది. పోటు వచ్చినప్పుడు నీళ్ళు కప్పు దాకా నిండిపోతాయి. ఆ వేళలు రోజూ మారుతుంటాయి. లోపల అధికారులెవరూ ఉండరు. పీతలు ఉంటాయి.

విధేయతతో,
స్పీడుబోటు ఆఫీసు

తా.క. పిన్నిగారూ, నేను బాబుని కాను, అమ్మనే. పడవ నడిపేదీ నేనే. మా నాన్న చేపల పడవ నడిపేవాడు, ఆయన పోయాక నేను దానమ్మి స్పీడుబోటు కొన్నాను. ఈ సంగతి పైన రాస్తే మీవారు దానికి విడిగా ఇంకో ఉత్తరం రాస్తారని ఊరుకున్నాను. మీ చెల్లెలుగారంటే "ఇదంతా అక్కకి చెప్పాలి" అంటూ ఎర్ర గొడుగు వేసుకుని పడవెక్కిన ఆవిడేనా? బాగా గుర్తున్నారు. గుహలో ఉన్నంతసేపూ గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకునే ఉన్నారు.

*

స్పీడుబోటు ఆఫీసు యజమాని గారికి,

ఆర్యా,

మీ జవాబు నాకు తృప్తి కలిగించలేదు. నడిపేవాడు మూడో మనిషి కిందే లెక్క. తప్పదంటే సరే, ప్రయాణం పూర్తయ్యేదాకా తల వెనక్కి తిప్పనని అతనిచేత రాయించి పంపండి.

వేళలు రోజూ మారడమేమిటి? ఇది శుద్ధ నిర్వహణ లోపం. స్నానం, టిఫిను, పేపరు అయ్యాక పదకొండింటికి గానీ నేను ఇల్లు కదలను. ఆ వేళకి సముద్రం వెనక్కి తగ్గి ఉండేలా చూడవలసిన పూచీ మీది. మీ వల్ల కాకపోతే పైవాళ్ళకి రాయడం నాకు చేతనవును. రేవు అధికారికి ఇప్పటికే రాశాను, నకలు జతపరిచాను. పీతల విషయం కూడా అందులో ఎత్తాను.

పడవ మునగదని స్టాంపు కాగితం మీద రాసివ్వాలి. పడవ ఊగకూడదు.

ఇట్లు,
భవదీయుడు,
రిటైర్డు పెద్ద గుమస్తా

తా.క. తల్లీ, ఆ చివరి వాక్యం ఎలా పుట్టిందో చెప్తాను. లైఫ్ జాకెట్టు వేసుకుంటే ఎలా ఉంటుందో చూడాలని ఆయన రెండు దిండ్లు ఛాతీకి కట్టుకుని ఉయ్యాల బల్ల మీద కూర్చున్నారు. "ఏమోయ్, ఊపు" అన్నారు. ఊపాను. కాస్త గట్టిగానే ఊపాను, ఇన్నేళ్ళ కాపురం కదా, మనసులో ఎన్నో ఉంటాయి. వెంటనే దిగిపోయి, దిండ్లు విప్పకుండానే కూర్చుని ఆ వాక్యం రాశారు. మా చెల్లెలు కళ్ళు మూసుకుందన్న మాట వంటింట్లో నిలబడి చదివాను. నవ్వుతుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. పోతే పోయాయి.

*

గౌరవనీయులైన పెద్ద గుమస్తా గారికి నమస్కారం.

మీ ఉత్తరం, నకలు అందాయి. రేవు అధికారి గారు సముద్రాన్ని పదకొండింటికి వెనక్కి జరపగలిగితే మాకూ మేలే. మాకూ పొద్దున్నే లేచే బాధ తప్పుతుంది.

డ్రైవరు తల వెనక్కి తిప్పరని హామీ ఇస్తున్నాం. తిప్పితే పడవ రాతికి కొట్టుకుంటుంది. మునగదని కూడా తప్పకుండా రాసిస్తాం. కాకపోతే ఆ కాగితం మీ జేబులో ఉంటుంది గనక, దానితో పని పడేసరికి తడిసిపోయి ఉంటుంది. ఊగని పడవ మా దగ్గర ఒక్కటే ఉంది. ఒడ్డున బోర్లించి రంగు వేస్తున్నాం. కావాలంటే దాని మీద ఎంతసేపైనా కూర్చోవచ్చు.

విధేయతతో,
స్పీడుబోటు ఆఫీసు

తా.క. పిన్నిగారూ, వచ్చే అమావాస్య నాడు తెల్లారేసరికి సముద్రం బాగా తగ్గుతుంది. గుహ చివరిదాకా వెళ్ళొచ్చు. ఆ తర్వాత వానలు, పడవలు ఒడ్డెక్కించేస్తాం. ఆయన వస్తే సరే, రాకపోతే మీరొక్కరే రండి. నా పక్క సీటు మీదే. పాత చెప్పులు వేసుకోండి, తడుస్తాయి.

*

స్పీడుబోటు ఆఫీసు యజమాని గారికి,

ఆర్యా,

రేవు అధికారి నుంచి జవాబు వచ్చింది. "మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది" అని స్పష్టంగా రాశారు. అంటే సముద్రం మీద విచారణ మొదలైనట్టే. విచారణలో ఉన్న సముద్రం మీద ప్రయాణం చేయడం నా వంటి మాజీ ఉద్యోగికి సబబు కాదు. కాబట్టి మా ప్రయాణాన్ని వచ్చే ఏటికి వాయిదా వేస్తున్నాను.

దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. నా భార్యకి గుహలంటే పెద్ద ఆసక్తి లేదు. ఆమె ఎన్నడైనా అడిగినట్టు నా దగ్గర దాఖలా లేదు.

ఇట్లు,
భవదీయుడు,
రిటైర్డు పెద్ద గుమస్తా

తా.క. దాఖలా లేదట తల్లీ. పెళ్ళైన కొత్తల్లో అడిగాను. పిల్లలు కాస్త పెద్దయ్యాక అడిగాను. వాళ్ళ పెళ్ళిళ్ళై ఎవరి ఇళ్ళకి వాళ్ళు వెళ్ళాక అడిగాను. నోటితో అడిగాను, దరఖాస్తు పెట్టలేదు. ఆయన రాసింది చదివితే ముందు ఏడుపొచ్చింది, నీ దగ్గర దాపరికం ఎందుకు. తర్వాత కోపం వచ్చింది. కోపమే బావుంది, కాళ్ళు కదిలాయి. అమావాస్య నాడు మొదటి బస్సుకి వస్తున్నాను. ఇంట్లో కూరగాయల మార్కెట్టుకని చెప్తాను. సంచీ కూడా తెచ్చుకుంటాను. రికార్డుల ఆఫీసు ఇల్లాలిని, అబద్ధానికైనా ఒక ఆధారం ఉండాలి కదా.

*

గౌరవనీయులైన పెద్ద గుమస్తా గారికి నమస్కారం.

మీ వాయిదా నమోదు చేసుకున్నాం. వానలు పట్టుకున్నాయి, పడవలన్నీ ఒడ్డెక్కాయి. సముద్రం మీద విచారణ ఎంతవరకు వచ్చిందో తెలియజేయగలరు. సముద్రం మాత్రం మామూలుగానే ఉంది, ఏ మార్పూ లేదు.

విధేయతతో,
స్పీడుబోటు ఆఫీసు

తా.క. పిన్నిగారూ, మీ చెప్పొకటి పడవలో ఉండిపోయింది. దానితో పాటే ఈ ఉత్తరం కట్టి పార్శిల్ చేస్తున్నాను. ఒక కాలి చెప్పుతో బస్సెక్కి ఎలా వెళ్ళారో గానీ, మీరు వెళ్ళిన దగ్గర్నుంచీ అదే తలుచుకుంటున్నాను. ఇంజను ఆపేశాక, ఆ నిశ్శబ్దంలో మీరు "ఏవండీ" అని పిలిచారు చూశారా, గుహంతా ఏవండీ ఏవండీ అంటూ పలికింది. "పిలవగానే పలకడం ఇదే మొదటిసారి" అని మీరు నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత మీరు నవ్వడం మానేసి, గోడ మీద ఆడుతున్న ఆ పచ్చ వెలుగు చూస్తూ కూర్చున్నారు. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పడవవాడి పెళ్ళాం అయ్యుండీ ఒక్కసారి పడవెక్కలేదు ఆవిడ. ఎవరూ ఎక్కమనలేదు. తిరిగొచ్చేటప్పుడు స్టీరింగు మీ చేతికిచ్చింది సరదాకి. అంత వేగంగా తోలేస్తారనుకోలేదు. నాకే భయమేసింది.

*

స్పీడుబోటు ఆఫీసు యజమాని గారికి,

ఆర్యా,

మీ ఉత్తరం, పార్శిలు అందాయి. పార్శిల్లో ఒక ఆడమనిషి చెప్పు ఉంది. ఎడమ కాలిది. ఉత్తరంలో దాని ప్రస్తావనే లేదు. జతపరిచిన వస్తువు గురించి ఉత్తరంలో రాయకపోవడం క్షమించరాని పొరపాటు. ఇలాంటివి సర్వీసులో ఎంతమందిచేత తిరగరాయించానో నాకే తెలియదు.

విచారణ ముగిసింది. సముద్రం తమ పరిధిలోకి రాదని రేవు అధికారి తేల్చేశారు. ఆ ముక్క మొదటే చెప్పి ఉంటే నేను సరైన ఆఫీసుకి రాసుకునేవాణ్ణి. ఇంతటితో ఉత్తర ప్రత్యుత్తరాలు ముగిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
రిటైర్డు పెద్ద గుమస్తా

తా.క. అమ్మా, ఇది కూడా నేనే రాస్తున్నాను. సంతకం కింద రాయడం అలవాటు లేదు, చెయ్యి సరిగా సాగడం లేదు. పార్శిల్ వచ్చినప్పుడు మా ఆవిడ ఇంట్లో లేదు. పైన ఎక్కడా ఆ చెప్పు ఊసు లేకపోయేసరికి ప్రాణం ఒప్పక కిందికి చూశాను. చూశాక ఫైలు తీసి, మీవన్నీ కింద నుంచి చదివాను. ఆవిడ మీకు రాసినవి నా దగ్గర లేవు గానీ, మీ జవాబుల్ని బట్టి ఊహించుకోగలను.

ఆ రోజు ఆవిడ ఒంటి చెప్పుతో, ఖాళీ సంచీతో, తడిసిన చీరతో మార్కెట్టు నుంచి వచ్చి ఉంటుంది. నేను పేపరు చదువుకుంటున్నాను. తల ఎత్తలేదు.

పిలవగానే పలకడం అదే మొదటిసారి అన్నదానికి ఎదురు రాద్దామని కూర్చున్నాను. ఒక్క ఉదాహరణ కూడా దొరకలేదు. నిన్న వంటింట్లోంచి "ఏవండీ" అంది, వెంటనే "ఆఁ" అన్నాను. ఒంట్లో బాలేదేమోనని కంగారుపడి పరిగెత్తుకొచ్చింది.

నాకు నీళ్ళంటే భయం. ఇన్నాళ్ళూ దాన్ని జాగ్రత్త అనుకున్నాను. వానలు తగ్గాక నన్ను ఆ గుహకి తీసుకెళ్ళండి. షరతులు లేవు. ముందు ఆ ఒడ్డున బోర్లించిన పడవ మీద కాసేపు కూర్చుని అలవాటు చేసుకుంటాను. గుహలో నేనూ ఆవిణ్ణి పిలవాలనుకుంటున్నాను, ఏమని పిలవాలో తోచడం లేదు. ఆవిడకి చెప్పకండి. ఈ కవరు నేనే అంటిస్తున్నాను.

తా.క. కింద తా.క. తల్లీ, కవరు అంటించడం ఆయనకి చేతకాదు. పోస్టు డబ్బా దాకా వెళ్ళకుండానే నా చేతిలోనే విచ్చుకుంది. చదవలేదని అబద్ధం చెప్పను. వీధిలో నిలబడి రెండుసార్లు చదివాను.

నిన్న మా చెల్లెలు ఫోన్ చేసింది. గోడ మీద ఆ పచ్చ వెలుగు చూశావా అని అడిగాను. వెంటనే వంకాయల మాట ఎత్తింది. "అదంతా చూస్తేగానీ తెలీదులే" అని ఫోన్ పెట్టేశాను. నాకింక దాని మీద ఏ కోపమూ లేదు.

ఆయనకి ఏమని పిలవాలో తోచడం లేదట. నువ్వే రాయి, సంతకం పైన, పెద్ద అక్షరాల్లో. నా పేరు పెట్టి పిలవమను. పెళ్ళైన దగ్గర్నుంచీ "ఏమోయ్" తప్ప ఇంకో మాట అని ఎరగరు. పేరు మర్చిపోయి ఉంటే కంగారు పడవద్దను. పింఛను కాగితాల్లో ఉంది, వెతుక్కోమను.