పదకొండో నిబంధన

ఫిబ్రవరి 3, సోమవారం

డైరెక్టర్‌తో మళ్లీ పడింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఇరవై ముగ్గురు ఆడవాళ్లు కలిసి సొసైటీ పెట్టుకుంటున్నారు. మార్చి ఇరవైలోగా నియమావళి రిజిస్టర్ కాకపోతే లాండ్రీ ఎవరో కాంట్రాక్టర్ చేతికి పోతుంది. ఆ నియమావళి మా సలహా కేంద్రం రాసివ్వాలి. టెంప్లేట్ ఉందిగా, పేర్లు మార్చి ఇచ్చెయ్, అరగంట పని అన్నాడు. ఒకప్పుడు నాతో కలిసి గోడల మీద నినాదాలు రాసిన మనిషి. గోడగోడకీ వేరే నినాదం రాశామా, అదీ టెంప్లేటే కదా అని నవ్వాడు కూడా.

ఒళ్లు మండింది. ఇంకెవరి కొలతలకో కుట్టిన చొక్కా తొడిగి, బిగుతైతే నీ ఒళ్లే తప్పు అంటారు. పేదవాళ్లకే ఎందుకు ఈ టెంప్లేట్లు? పెద్ద కంపెనీ వస్తే ముగ్గురు లాయర్లు నెల రోజులు కూర్చోరా? ఇదంతా అతని మొహం మీదే అన్నాను. సరే, నీ ఇష్టం, గడువు మాత్రం దాటనివ్వను అన్నాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

పొద్దుటి నుంచి లాండ్రీలో ఉన్నాను. మెషీన్ల హోరులో మాట వినపడదు, అరుచుకోవాలి. షిఫ్టుకి ఎనిమిది మంది, ఒక్కరు తగ్గినా ఆసుపత్రి ఊరుకోదు. ఆదివారం షిఫ్టు ఎవరికీ వద్దు, పిల్లలు ఇంట్లో ఉంటారు. సొసైటీ పెడదామని మొదట నోరు తెరిచిన పెద్దావిడే, అందరూ పెద్దక్క అంటారు, ప్రతి ఆదివారం తను వేసుకుంటుంది. మిగతా ఏడుగురూ వంతులవారీగా మారతారు. నాకెవరున్నారు, ఈ దుప్పట్లే నా చుట్టాలు అంది. తర్వాత నా నోట్‌బుక్ వైపు చూసి, కాగితాలమ్మా, మా గురించి మాకు అర్థమయ్యేలా రాస్తావా, నీకు అర్థమయ్యేలా రాస్తావా అని అడిగింది. పక్కవాళ్లు పగలబడి నవ్వారు.

అన్నీ రాసుకున్నాను. ఆదివారం సంగతి కింద రెండు గీతలు గీశాను.

మార్చి 4, మంగళవారం

ముందుమాట ఆరోసారి కొట్టేశాను. శ్రమ అంటే ఏమిటో చెప్పకుండా నిబంధనలు ఎలా మొదలుపెడతాను?

మార్చి 13, గురువారం

ముందుమాట ఇరవై పేజీలైంది. నియమావళి అడిగితే మేనిఫెస్టో ఇస్తున్నావు అన్నాడు డైరెక్టర్. మంచిదే అన్నాను.

మార్చి 19, బుధవారం, సాయంత్రం 4

ముప్పై ఒక్క పేజీలు. ఓటింగ్ భాగం ఇంకా ముట్టుకోలేదు. రేపే గడువు. డైరెక్టర్ నన్ను అడగలేదు. తన గదిలోనే టెంప్లేట్ నింపి, పెద్దక్కని పిలిపించి సంతకం పెట్టించి, రిజిస్ట్రార్ ఆఫీసుకి పంపించేశాడు. నిజంగానే అరగంట.

నా పేరు దాని మీద కనపడకూడదన్నాను. ఒక్కసారి చదివి చూడు, ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పు అని కాపీ నా టేబుల్ మీద పెట్టాడు. చదవను. చదివితే ఒప్పుకున్నట్టే. సొరుగులో పడేశాను.

సెప్టెంబర్ 16, మంగళవారం

పెద్దక్క వచ్చింది. చేతిలో నోటీసు. వరుసగా మూడు సర్వసభ్య సమావేశాలకు రానందున సభ్యత్వం రద్దు. సమావేశం నెలనెలా రెండో ఆదివారం పొద్దున. ఆ పొద్దున ఆవిడ ఎక్కడుంటుంది? మెషీన్ దగ్గర. మిగతావాళ్లు మీటింగుకి వెళ్లాలనే. తనిఖీకి వచ్చిన రిజిస్ట్రార్ ఆఫీసువాళ్లకు అదంతా ఎందుకు, హాజరు పుస్తకం తిరగేశారు, సంతకం లేదు. గేటు కార్డు లాక్కున్నారట.

నేను పనిలో ఉన్నానని నీకు తెలుసు కదా కాగితాలమ్మా, ఒక్క ముక్క రాసివ్వు, చాలు అంది.

నోటీసు తీసుకుని, నిబంధన చూసి చెబుతానన్నాను.

సెప్టెంబర్ 17, బుధవారం

సొరుగు తీశాను. పదకొండో నిబంధన: ‘ఏ కారణం చేతనైనా సరే, వరుసగా మూడు సమావేశాలకు హాజరు కానివారికి ఇక ఏ హక్కూ ఉండదు.’

ఆ విసురు నాకు తెలుసు. నాదే. తొమ్మిదేళ్ల క్రితం ఒక ఇళ్ల సొసైటీ కోసం రెండు నెలలు కూర్చుని, వాళ్ల కోసమే ప్రత్యేకంగా రాశాను. సభ్యత్వాలు గుప్పిట్లో పెట్టుకుని మొహం చూపించని ఆసాములుండేవాళ్లు అక్కడ. వాళ్లను తరమడానికి రాశాను. తరిమింది కూడా. ఎంత గర్వపడ్డానో.

డైరెక్టర్‌ని అడిగాను. నీ డ్రాఫ్టే, అంతకంటే బాగా రాసింది ఈ ఆఫీసులో లేదు, అందుకే టెంప్లేట్ చేశాను, నీకు తెలుసనుకున్నాను అన్నాడు. ఎగతాళికి అనలేదు. గౌరవంగానే అన్నాడు. కొట్టినా బాగుండేది.

ఆర్నెల్లు ఈ కాగితం నా మోకాలికి తగులుతూ ఉంది. చదివుంటే పది నిమిషాల్లో పట్టుకునేదాన్ని. ఊరందర్నీ చదవండి, ప్రశ్నించండి అని అరిచే నోరు నాది.

అక్టోబర్ 12, ఆదివారం, మధ్యాహ్నం 1

ఆవిడను తిరిగి చేర్చుకోవాలంటే నిబంధన సవరించాలి. మూడింట రెండు వంతుల మంది చెయ్యెత్తాలి. ఇరవై ఇద్దరిలో పదిహేను మంది.

పద్నాలుగు మంది వచ్చారు. పద్నాలుగు చేతులూ లేచాయి. మిగతా ఎనిమిది మందీ షిఫ్టులో ఉన్నారు. ఇదివరకైతే షిఫ్టుకి వీళ్లలో ఏడుగురు సరిపోయేవాళ్లు. ఎనిమిదో మనిషి పెద్దక్క.

ఓడిన సవరణను ఏడాది దాకా మళ్లీ తేకూడదు. అదీ నేను రాసిందే.

పెద్దక్క తలుపు బయట నిలబడి ఉంది. ఎంతమంది ఎత్తారు అని అడిగింది. వచ్చినవాళ్లందరూ అన్నాను. అందరూనా అని మళ్లీ అడిగి, సంతోషంగా తలూపింది. మెషీన్ రెండోది తలుపు సరిగ్గా పడదు, గట్టిగా నెట్టమని పిల్లలకు చెప్పు అంది.

అక్టోబర్ 19, ఆదివారం

నా డ్రాఫ్టు తీశాను. ఇరవై రెండో పేజీ: ‘ఆదివారం షిఫ్టులో ఉన్న సభ్యురాలు సమావేశానికి వచ్చినట్టే లెక్క.’

ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు.