నాన్న బండి మీద కంబళి

డిసెంబరు 27
పది గంటలైనా మంచు విడవలేదు. నాన్న పోయి నెల. ఆయన బుల్లెట్ వసారాలో నిలబెట్టింది నిలబెట్టినట్టే ఉంది. నలభయ్యో రోజు ప్రార్థన, జ్ఞాపక కూటం అయ్యేదాకా ఎవరూ ముట్టుకోవద్దని అమ్మ చెప్పింది. ఈరోజు ఆయన కంబళి తెచ్చి ఇంజిను మీద కప్పింది. సలి మనకేనేటి, దానికెయ్యదా అంది. మా ఆవిడ సుజానా నవ్వింది.

డిసెంబరు 30
ఆశా వర్కర్ కృపావతి వచ్చింది. సుజానాకి డెలివరీ డేటు ఇంకా పదిహేను రోజులున్నా ఇప్పుడే పాడేరు తీసుకెళ్లి గర్భిణుల హాస్టల్లో ఉంచమంది. అంబులెన్సు తారురోడ్డు దాటి రాదు, నాలుగు కిలోమీటర్లు ఎవలు మోత్తారు అని నన్నే అడిగింది. కోడలు లేకుండా కూటమేటి, నలుగురూ ఏటనుకుంటారు అంది అమ్మ. కూటం ఆరున. ఏడున బండి మీద నేనే దింపుతానన్నాను.

జనవరి 2
మంచుకి కంబళి తడిసి బరువెక్కింది. తీయలేదు. అమ్మ చూస్తోంది.

జనవరి 5, సాయంత్రం 4
తెల్లవారుతుండగా సుజానాకి నొప్పులు మొదలయ్యాయి. బండి తియ్యరా, బేగి అని అమ్మే అంది. కంబళి లాగితే ఇంజినంతా నీళ్లు. చోక్ వేశాను. కిక్ కొట్టాను. ఇరవై, ముప్పై. ప్లగ్ విప్పి పొయ్యి దగ్గర ఆరబెట్టి మళ్లీ బిగించాను. ఒకసారి దగ్గి ఆగిపోయింది. నాన్న ముందు హ్యాండిల్ మీది చిన్న లివర్ నొక్కి, అమ్మీటరు ముల్లు మధ్యకి వచ్చాకే కిక్ తొక్కేవాడు. తొందరలో నేను చూసుకోలేదు. కిక్ రాడ్ ఎదురు తన్నింది. కుడి చీలమండలో ఏదో విరిగిన చప్పుడు.

పక్కింటి పోలయ్య బావ వచ్చాడు, అంబులెన్సుకి ఫోను చెయ్యమని ఒక కుర్రాణ్ణి గుట్ట మీదికి పంపాడు. అది మీ అయ్య మాటే ఇంటాది, నీ మాటింటాదేటి అన్నాడు. మన దుప్పట్లు బరువుకి ఆగవని ఆ తడి కంబళినే కర్రకి డోలీ కట్టాడు. నలుగురు ఎత్తారు. నేను భుజం పట్టలేకపోయాను.

కర్ర ఊతంతో వెనకాల కుంటుతూ వెళ్లాను. మొదటి మలుపులోనే వాళ్లు మంచులో కలిసిపోయారు. సుజానా కేకలు కొంతసేపు వినబడ్డాయి. సగం దారిలో మోసినవాళ్లు తిరిగి ఎదురొచ్చారు. సుజానాని ఎక్కించుకుని అంబులెన్సు వెళ్లిపోయిందన్నారు. అమ్మా పోలయ్యా తోడు ఎక్కారట. ఇంకేమీ చెప్పలేదు. నన్ను ఇంటికి మోసుకొచ్చారు. పెళ్లాన్ని దింపి మొగుణ్ణి మోత్తన్నాం అన్నాడు వాళ్లలో ఒకడు, సోంబరు. ఎవరూ నవ్వలేదు.

జనవరి 6
ఈరోజు కూటం. జరగలేదు. ఫోను సిగ్నలు కావాలంటే గుట్ట ఎక్కాలి. కాలు నేలకి ఆనడం లేదు.

జనవరి 7
పోలయ్య వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. గుంట పుట్టిందిరా అన్నాడు. రోడ్డుకి ఇవతలే, డోలీలోనే. ఏడవలేదట. వేరే బట్ట లేక ఆ తడి కంబళిలోనే చుట్టారట. సుజానా బాగానే ఉంది, ఆదివారం పంపుతారు.

పాప పోయిన సంగతి మోసినవాళ్లకి ఆరోజే తెలుసు.

జనవరి 9
ఎండ కాసింది. నాలుగు రోజులుగా బండి మీద ఏమీ లేదు. గోడ పట్టుకుని, కుడి మోకాలు సీటుకి ఆనించి, ముల్లు మధ్యకి వచ్చాక ఎడమ కాలితో తొక్కాను. ఒకటే కిక్.

ఆపలేదు. పెట్రోలు అయిపోయి అదే ఆగింది.