యంత్రం మీద తలగుడ్డ

ఎండలో కీడు చేసే కిరణాలను కొలిచే యంత్రాన్ని మా పిడుగురాళ్ల క్వారీలో పెట్టి, అదెందుకో కూలీలకు ఒక్క ముక్క చెప్పకుండా వెళ్లిపోయారు మీరు, ఆఫీసరు గారూ. "సర్కారు మిషనురా, ఎండకి మాడిపోద్ది" అంటూ మా అమ్మ గురవమ్మ తన తలగుడ్డ తీసి రోజూ దానిమీద కప్పేది. కొలత తక్కువొచ్చింది. ప్రమాదం లేదని మీరు కాగితం రాసిచ్చారు. అది చూపించి యజమాని మా మధ్యాహ్నం విరామం ఎత్తేశాడు.

వేసవంతా వట్టి తలతో, ఆ తెల్లరాయి మెరుపులో రాయి కొట్టిన అమ్మకు ఇప్పుడు చూపు లేదు. తన గుడ్డ వల్లే కొలత తప్పిందని నేనింకా చెప్పలేదు. "మిషనుకేం కాలేదు గదరా?" అని అడుగుతుంది.

మిగతా ఆడవాళ్లు ఇంకా ఎండలోనే ఉన్నారు. ఆ కొలత తప్పని మీరే వచ్చి అందరి ముందూ ఒప్పుకోవాలి. గుడ్డ సంగతి మాత్రం అమ్మ చెవిన పడకూడదు. వచ్చే సోమవారం లోపు జవాబు రాయండి.