ముప్పై నాలుగో గుంట మట్టి

జూన్ 3, ఉదయం 10

మోకాలి ఆపరేషన్ అయి ఏడు వారాలు. రోజూ నడవమన్నాడు డాక్టర్. మెట్లు వద్దు, ఎత్తుపల్లాలు వద్దు, అడవి పార్క్‌లో సులభ మార్గం అని ఒకటుంది, అక్కడికి వెళ్లండి అన్నాడు. ఊళ్లో ఇంకెక్కడా చదునైన దారే లేనట్టు.

చెల్లెలు కారులో దింపింది. తను గేటు దగ్గర బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో సీరియల్ చూస్తుందట. నేను తిరిగొచ్చేలోపు రెండు ఎపిసోడ్‌లు అయిపోతాయట. నా నడక మీద దానికి అంత నమ్మకం.

మొత్తం రెండు కిలోమీటర్లు. ఇరవై రెండేళ్ల క్రితం ఇది బ్యాటరీల ఫ్యాక్టరీ. నేను అందులో ల్యాబ్ అసిస్టెంట్‌ని. ఇప్పుడు పొగగొట్టం ఒక్కటే మిగిలింది, దానికీ తీగ పాకించారు. గోడౌన్ ఉన్నచోట నిలువెత్తు చెట్లు. క్యాంటీన్ ఉన్నచోట చెక్క బెంచీలు, పక్కనే "ఒకప్పటి పొగ, నేటి పచ్చదనం" అని బోర్డు. చదివి నవ్వుకున్నాను.

మలుపు తిరిగాక నవ్వు పోయింది. పొగగొట్టానికి పడమటి వైపు ఒక పెద్ద గదంత మేర ఒక్క చెట్టు లేదు. ఆ చోటు నాకు తెలుసు.

జూన్ 4

వెళ్లలేదు. మోకాలు నొప్పి అని చెప్పాను. మోకాలు బాగానే ఉంది.

జూన్ 7, ఉదయం 9

డాక్టర్ కోసం కాదు, చెల్లెలి సణుగుడు భరించలేక వెళ్లాను. ఆ మలుపు దగ్గర తోటమాలి తవ్వుతున్నాడు. నలభై దాటినవాడు, నోట్లో నాలుక లేని మనిషి. నేను ఆయాసపడుతుంటే తన గోనెసంచి మడిచి గట్టు మీద వేసి, కూర్చోండమ్మా అన్నాడు.

ఇక్కడ మూడుసార్లు మొక్కలు వేశాడట. జానెడు ఎదుగుతాయి, మాడిపోతాయి. నీళ్లు పొయ్యకుండా పడుకుంటున్నావని మేనేజర్ తిడుతున్నాడట. నాలుగోసారి కూడా చస్తే నువ్వు ఇంటికే అన్నాడట. నా చెయ్యే మంచిది కాదేమోనమ్మా అన్నాడు.

ఎండలు బాగా ముదిరాయి కదా అన్నాను. నా నోటికి వచ్చింది అదే.

జూన్ 8

రాసేస్తాను. దీన్ని చదివేవాళ్లెవరూ లేరు.

ఫ్యాక్టరీ మూసేశాక, స్థలం అప్పగించేముందు మట్టి పరీక్ష చెయ్యాలన్నారు. నలభై చోట్ల గుంటలు తవ్వి, ఒక్కో గుంట నుంచి పిడికెడు మట్టి తీసి, పొట్లం కట్టి, నంబరు వెయ్యాలి. ఆ పని నాకు అప్పజెప్పారు. ముప్పై నాలుగు గుంటలు ఒళ్లు దాచుకోకుండా తవ్వించాను. ముప్పై నాలుగోది ఆఫీసు ముందు పూలమొక్కల పక్కన. మిగిలిన ఆరూ యాసిడ్ తొట్ల వెనక, పడమటి వైపు.

ఆ రోజు వాన. కూలీలు వెళ్లిపోయారు. చెప్పులు బురదలో కూరుకుపోతున్నాయి. సాయంత్రానికి పొట్లాలన్నీ టేబుల్ మీద ఉండాలన్నాడు సూపర్‌వైజర్. నేను గొడుగు కింద నిలబడి, ముప్పై నాలుగో గుంట మట్టితోనే మిగిలిన ఆరు పొట్లాలూ కట్టాను. నంబర్లు గుండ్రంగా, ముద్దుగా వేశాను.

మట్టి శుభ్రంగా ఉందని సర్టిఫికెట్ వచ్చింది. చేతులు దులుపుకున్నాను.

జూన్ 15, ఉదయం 8

ఇవాళ తోటమాలి నాకు ఆకుకూర కట్ట ఇచ్చాడు. మొక్కలు చచ్చిన చోట ఎరువు వృథా పోతోందని గింజలు చల్లాడట. వేరు పైపైనే ఉంటుంది కదా, ఏపుగా వచ్చింది. రోజూ ఇంటికి తీసుకెళ్తాడట. ఇద్దరు ఆడపిల్లలు, చిన్నదానికి నాలుగేళ్లు, ఈ కూరైతే మారాం చెయ్యకుండా తింటుందట. ముఖం వెలిగిపోతూ చెప్పాడు.

తీసుకున్నాను. మీ చేతికి వంక లేదయ్యా అని కూడా అన్నాను. ఇంటికొచ్చి చెత్తబుట్టలో పడేశాను.

జూన్ 16

చెల్లెలు చెత్తబుట్టలో చూసింది. పురుగు పట్టిందన్నాను.

జూన్ 22

మూడో కట్ట. ఈసారి ఇంటిదాకా తేలేదు. గేటు పక్క చెత్తడబ్బాలో వేసి, చెయ్యి చీరకు తుడుచుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. రేపు చెప్పేద్దామనుకున్నాను. రేపు, రేపు అంటూనే ఇప్పటికే వారం గడిపాను.

జూన్ 29, ఉదయం 9

తోటమాలి చేతిలోంచి నీళ్ల డబ్బా జారిపోయింది. ఎత్తబోతే మణికట్టు లేవలేదు, చెయ్యి కిందికే వేలాడింది. ఈ మధ్య ఇలాగే ఉంటోందమ్మా, కడుపులో కూడా మెలిపెడుతోంది, వయసు కదా అని నవ్వాడు. వయసట! నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు.

సీసం కరిగించే సెక్షన్‌లో పనిచేసినవాళ్ల చేతులు ఇలాగే వేలాడేవి. వాళ్ల రక్త పరీక్షల రిపోర్టులు ఫైల్ చేసింది నేనే.

నాలుగేళ్ల పిల్ల అదే కూర తింటోంది.

జూన్ 30

చెల్లెలికి చెప్పాను. ఇరవై రెండేళ్ల కిందటి సంగతి ఎవడడిగాడే అక్కా, నీ పెన్షన్ ఆపేస్తే ఏం చేస్తావు, నోరు మూసుకుని ఇంకో పార్క్‌లో నడువు అంది. అని, తనే ఏడ్చింది.

జూలై 1, మధ్యాహ్నం

పొద్దున చెల్లెలు కారు గేటు దగ్గర ఆపలేదు. నేరుగా పార్క్ ఆఫీసు ముందు ఆపింది. దిగు అంది. అంతే.

జరిగిందంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి మేనేజర్‌కి ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. మేడమ్, మట్టి శుభ్రంగా ఉందని సర్టిఫికెట్ ఉంది, మీరిప్పుడు లేదంటే ఎట్లా అన్నాడు. ఫైల్లో పెడతానన్నాడు. తోటమాలికి మాత్రం చెప్పకండి, అనవసరంగా గోల అవుతుంది అన్నాడు. కాఫీ తాగుతారా అని అడిగాడు. మోకాలు ఎలా ఉందో కూడా అడిగాడు.

జూలై 2, ఉదయం 7

తోటమాలికి చెప్పాను. గుంటలు, పొట్లాలు, సీసం, అంతా. ఆ కూర ఇక ముట్టుకోవద్దన్నాను, పిల్లలిద్దరికీ ఇవాళే రక్త పరీక్ష చేయించమన్నాను. తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను.

కంగారుగా నా చెయ్యి పట్టుకున్నాడు. అయ్యో అమ్మా, మీకూ ఇచ్చానే, మీరు తినేశారా అన్నాడు.

తినలేదన్నాను.

ఒక్కసారి కూడానా అన్నాడు.

ఒక్కసారి కూడా అన్నాను.

చెయ్యి వదిలేశాడు.