కత్తెర చెక్కిన రాయి

ఏవండీ,

మీరు పోయి రేపటికి ఏడాది. మొన్న ఇక్కడ బహ్రెయిన్‌లో, మహూజ్‌లో నేను పనిచేసే ఇంటి మేడమ్ వాళ్ళు సెలవులకి యూరప్‌లో ప్రాగ్ అనే ఊరు వెళ్తూ, చంటిదాన్ని ఎత్తుకోవడానికి నన్నూ తీసుకెళ్ళారు. అక్కడ యూదుల పాత పేటలో ఒక శ్మశానం ఉంది. చోటు చాలక ఒకరి మీద ఒకరిని పూడ్చారట, ఇక్కడ గుదైబియాలో మీరంతా ఉండే గదిలో మంచం మీద మంచం వేసినట్టు.

ఒక సమాధి రాయి మీద కత్తెర చెక్కి ఉంది.

"యే దర్జీ థా. తుమ్హారా ఆద్మీ జైసా," అంది మేడమ్, వచ్చీరాని హిందీలో.

మీలాగే దర్జీ అండీ! వందల ఏళ్ళు గడిచినా, జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ వచ్చి చూస్తున్నారు. వచ్చి వెళ్ళామన్న గుర్తుగా ఆ రాయి మీద గులకరాళ్ళు పెడుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అతని మీద కాదు, అతని పెళ్ళాం మీద. ఏడవడానికి ఆవిడకొక చోటుండేది. మనామాలో ఎంతమంది అరబ్బులకో తోబ్‌లు, ఆ పొడుగు అంగీలు కుట్టిన మిమ్మల్ని మాత్రం బూడిద చేసి సముద్రంలో కలిపేసి వచ్చాం.

"నువ్వూ పెట్టు," అని మేడమ్ నా చేతికొక గులకరాయి ఇచ్చింది. పెట్టలేదు. వేరే ఆవిడ మొగుడికి నేనెందుకు పెట్టాలి? కొంగున కట్టుకుని బహ్రెయిన్ తెచ్చేశాను.

నిన్న దాన్ని పట్టుకుని సముద్రం ఒడ్డున చాలాసేపు నిలబడ్డాను. వేస్తే అదీ మునిగిపోతుంది, మళ్ళీ నా కంటికి కనబడదు. గదికొచ్చి పెట్టె తీసి, మీ కత్తెర మీద పెట్టాను.

నాకూ ఒక చోటుంది. ఇప్పుడు రమ్మనండి ఆ దర్జీ పెళ్ళాన్ని.